దెందెరాకు ఓడ వెళ్లదు

ఈజిప్టులో నైలు నది మీద లక్సర్ నుంచి అస్వాన్‌కు క్రూయిజ్ ఓడలో వెళ్లాలని మేము నిర్ణయించుకున్నది ఎద్‌ఫూ, కోమ్ ఓంబో ఆలయాలు దారిలోనే వస్తాయన్న ఆశతో. అలెగ్జాండర్ తరువాత ఈజిప్టును ఏలిన టాలెమీ రాజులు గ్రీకు వంశీయులే అయినా, వారి తరువాత ఏలినది రోమన్ చక్రవర్తులే అయినా, ఈ గుళ్లన్నీ ఈజిప్టు దేవతలకు ఈజిప్టు పద్ధతిలోనే కట్టించినవి.

ఎద్‌ఫూలోని డేగ దేవుడు హోరస్ ఆలయ నిర్మాణం క్రీ.పూ. 237లో మొదలై 57లో ముగిసింది. 36 మీటర్ల ఎత్తైన ద్వారగోపురం దాటి, స్తంభాల మండపాల గుండా లోపలికి నడిచేకొద్దీ నేల కొంచెం కొంచెంగా లేస్తూ, కప్పు దిగుతూ, వెలుతురు సన్నగిల్లుతూ చివరకు గర్భగృహం చేరతాము. మన గుళ్లలో పెరిగినవారికి ఈ అమరికను గైడు వివరించనక్కరలేదు. అయితే ఓడలన్నీ ఒకే వేళకు ఒడ్డు చేరడం వల్ల తెల్లవారకముందే గుర్రపు బగ్గీల కోసం తోపులాట జరిగింది; గుడిలో మాకు దక్కినది గంట మాత్రమే. బగ్గీ ఖర్చు ప్యాకేజీలోనే ఉందన్నారు గాని, బక్షీష్ వేరుగా ఇవ్వక తప్పలేదు.

మొసలి దేవుడు సోబెక్‌కూ, హోరస్ మరో రూపమైన హరోయెరిస్‌కూ జంట గర్భగృహాలున్న కోమ్ ఓంబో ఏటి ఒడ్డునే ఉంది. సాయంకాలం దీపాల వెలుగులో చూడగలగడం ఓడ పుణ్యమే. పక్కనున్న మ్యూజియంలోని మొసలి మమ్మీలను మాత్రం మా పిల్లలు రెండోసారి చూడనన్నారు.

అస్వాన్ ఆనకట్టల నీటి ముంపు నుంచి కాపాడడానికి రాయి రాయి విప్పి అగిల్కియా దీవికి తరలించిన ఫిలే ఆలయానికి పడవలో వెళ్లాలి. రానూపోనూ కిరాయి, అక్కడ వేచి ఉండే సమయం ముందే తేల్చుకోవడం మంచిది. క్రీ.శ. 394 నాటి, మనకు తెలిసిన చివరి హైరోగ్లిఫిక్ (ప్రాచీన ఈజిప్టు చిత్రలిపి) శాసనం ఇక్కడే ఉంది.

వీటన్నిటికంటే మిన్న దెందెరాలోని హాథోర్ దేవత ఆలయం. సాధారణంగా ఓడలు అటు వెళ్లవు గనుక, లక్సర్ పడమటి ఒడ్డున గెస్ట్‌హౌస్‌లో దిగి, ఉదయాన్నే కారు మాట్లాడుకుని సుమారు 60 కిలోమీటర్లు వెళ్లాము. శతాబ్దాల మసి తుడిచిన కప్పు మీద నీలిరంగు ఇంకా తాజాగా ఉంది. సాయంత్రం సూర్యుణ్ణి మింగి, ఉదయం మళ్లీ ప్రసవించే ఆకాశదేవత నూత్ అక్కడ బారుగా సాగి కనిపిస్తుంది. పైనున్న రాశిచక్రం నకలు మాత్రమే, అసలుది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. వెనుక గోడ మీద రాణి క్లియోపాత్రా, ఆమె కుమారుడు సీజరియోన్‌ల నిలువెత్తు శిల్పాలను ఎవరూ తొందరపెట్టకుండా చూశాము.

గెస్ట్‌హౌస్ గదిలో ఓడ హంగులు లేవు. కానీ శాకాహారులమని చెప్పగానే పప్పుచారులాంటి సూపు, చిక్కుడుగింజలతో చేసిన తామియా, వేడి రొట్టెలు పెట్టారు. ఓడలోని బఫేలో మేము తిన్నది ఎక్కువగా అన్నం, సలాడే.