టామింటౌల్, గ్లెన్‌లివెట్: దొంగ విస్కీ దారుల్లో మా తిరుగుడు

స్కాట్లాండ్‌లో విస్కీకి పేరుపడ్డ స్పేసైడ్ ప్రాంతానికి వెళ్తున్నామనగానే తెలిసినవాళ్లంతా విస్కీ కాచే డిస్టిలరీల లిస్టు చేతిలో పెట్టారు. మాకేమో లైసెన్సు లేని దొంగ విస్కీ మీద ఆసక్తి. తాగడానికి కాదు లెండి, 200 ఏళ్ల కిందట ఈ కొండల్లో దాన్ని ఎక్కడ కాచేవాళ్లో, ఎటు నుంచి దాటించేవాళ్లో చూద్దామని. అందుకే అవీమోర్‌లో హోటళ్లు ఎక్కువున్నా బస టామింటౌల్‌లో పెట్టుకున్నాం. సుమారు 345 మీటర్ల ఎత్తున ఒక వీధి, ఒక చౌక్, అంతే ఊరు. బస్సులు అంతంతమాత్రం కాబట్టి కారు ఉండాల్సిందే. మేం దిగిన చోట గది శుభ్రంగా ఉంది, వేడికి లోటు లేదు, కానీ రాత్రి భోజనం పెట్టరు, ఆ ముక్క బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. మేం పబ్‌కి వెళ్లేసరికి వంటగది మూసేశారు, ఆ రాత్రి చిప్స్ ప్యాకెట్లతో సరి. మర్నాడు తొందరగా వెళ్తే వెజ్ హాగిస్ (మామూలుగా గొర్రె లోపలి మాంసంతో చేసే స్కాటిష్ వంటకానికి శాకాహార రూపం) దొరికింది, మిరియాల ఘాటుతో బాగానే ఉంది, శాకాహారులు భయపడక్కర్లేదు.

గ్లెన్‌లివెట్ డిస్టిలరీ టూర్ గురించి నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. భవనం బాగుంది, మనుషులు మర్యాదగా మాట్లాడారు, రుచి చూపించడంలో పిసినారితనం లేదు. స్మగ్లింగ్ చరిత్ర కోసమే అయితే మాత్రం టికెట్ డబ్బులు దండగ. 1824లో ఈ డిస్టిలరీ మొదలుపెట్టిన జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకోవడం, ఇరుగుపొరుగు దొంగబట్టీల వాళ్లు డిస్టిలరీతో పాటు నిన్నూ తగలబెడతామని బెదిరించడం, అబర్లౌర్ జమీందారు అతనికి పిస్తోళ్ల జత ఇవ్వడం, ఇదంతా సినిమాలా చెప్తారు. అసలు ఆ పక్కవాళ్లకి అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పేదగ్గరికి వచ్చేసరికి పొడిపొడిగా వదిలేస్తారు. ఈ లోయ రైతులు కౌలు కట్టేది బార్లీని విస్కీగా మార్చి అమ్మిన డబ్బుతోనే. కౌలు అందుతోంది కాబట్టి భూస్వాములూ చూసీచూడనట్టు పోయేవాళ్లు, పట్టుబడినవాళ్లకి శిక్ష వేయాల్సిన మేజిస్ట్రేట్లూ వాళ్లే మరి. 1823 చట్టం వచ్చి ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు, కనీసం 40 గ్యాలన్ల బట్టీ అనేసరికి కాస్త స్థోమత ఉన్నవాడు చట్టం లోపలికి వెళ్లిపోయాడు, చిన్నవాడు కొండల్లోనే మిగిలిపోయాడు. ఇంకోటి, ఇప్పుడు చూపించే డిస్టిలరీ స్మిత్ మొదలుపెట్టిన చోటు కాదు, అతని మొదటి డిస్టిలరీ అప్పర్ డ్రమిన్ పొలంలో ఉండేది.

కాబట్టి టూర్ మానేసినా పర్వాలేదు, ఆ చుట్టుపక్కల గుర్తులు పెట్టిన స్మగ్లర్స్ ట్రైల్స్ మాత్రం నడవండి. పైసా ఖర్చు లేదు. నడిస్తే చాలా సంగతులు వాటంతటవే తెలుస్తాయి. ప్రతి మలుపులో ఒక వాగు, అంటే బట్టీ ఆవిరి వెళ్లే రాగి గొట్టపు చుట్టని చల్లార్చడానికి నీళ్లు. కింద దారిలో గుర్రం వస్తే పైనుంచి అరగంట ముందే కనిపిస్తుంది. మన దగ్గర నాటుసారా బట్టీ వాగు పక్కనే ఎందుకు పెడతారో తెలిసినవాళ్లకి ఇక్కడ గైడ్ అక్కర్లేదు. బట్టీ ఆచూకీ చెప్పినవాళ్లకి ఎక్సైజ్ వాళ్లు 5 పౌండ్లు ఇచ్చేవాళ్లట, దొంగబట్టీల వాళ్లు అరిగిపోయిన రాగి చుట్టని తామే పట్టించి ఆ డబ్బుతో కొత్తది కొనుక్కునేవాళ్లని ఇక్కడ నవ్వుతూ చెప్పుకుంటారు. బురద ఎక్కువ, బూట్లు గట్టివి వేసుకోండి. వేసవిలో మిడ్జ్‌లనే చిన్న దోమలు కూడా ప్రాణం తీస్తాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది కోర్గార్ఫ్ కోట. టామింటౌల్ నుంచి లెక్ట్ కొండదారిలో వెళ్లాలి, 1754లో సైనికులు వేసిన రోడ్డు దారి ఇదే. ఖాళీ మైదానం మధ్య తెల్లటి కోట, చుట్టూ నక్షత్రం ఆకారంలో తుపాకీ రంధ్రాల గోడ. జాకోబైట్ల (గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజవంశం కోసం తిరగబడ్డవాళ్ల) భయంతో సైనిక స్థావరంగా మార్చుకున్న ఈ కోటలో 1827 నుంచి 1831 దాకా సైన్యాన్ని పెట్టింది విస్కీ స్మగ్లర్ల కోసం! అంటే చట్టం వచ్చి నాలుగేళ్లయినా దొంగ వ్యాపారం ఆగలేదన్నమాట, డిస్టిలరీ టూర్‌లో వినిపించని సగం ఇదే. లోపల సైనికుల గదిని పాతకాలంలా అమర్చారు, ఆ ఇరుకు మంచాల మీద ఇద్దరేసి పడుకుని చలికాలం గడిపారంటే ఎక్సైజ్ డ్యూటీ వాళ్లకీ శిక్షే అయ్యుంటుంది. కార్ పార్క్ నుంచి కొంచెం ఎక్కాలి, పెద్దవాళ్లు నెమ్మదిగా వెళ్లొచ్చు. చలికాలం మూసేస్తారు, లెక్ట్ దారి కూడా మంచుకి తరచూ మూతపడుతుంది, బయల్దేరే ముందు రెండూ చూసుకోండి.

టామింటౌల్ మ్యూజియం చిన్నదే, వాన పడే మధ్యాహ్నానికి సరిపోతుంది. డ్రైవింగ్ చేసేవాళ్లు మాత్రం రుచి చూడటం మానుకోండి, స్కాట్లాండ్‌లో మద్యం పరిమితి 2014 నుంచి ఇంగ్లండ్ కంటే తక్కువ. చాలా డిస్టిలరీల్లో అడిగితే డ్రైవర్ వాటాని చిన్న సీసాలో పోసి ఇస్తారు, గదికి వెళ్లాక తాగొచ్చు.