రికార్డా, సీడీనా? రెండూ విన్నాక నా మాట

శబ్దం శుభ్రంగా ఉంటే చాలు అనుకుంటే సీడీదే పైచేయి. సీడీలో శబ్దాన్ని అంకెలుగా దాచే కొలత 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే మనిషి చెవికి వినపడే 20 కిలోహెర్ట్జ్ దాకా అంతా పట్టేస్తుంది, సన్నటి గొంతుకీ గట్టి డప్పుకీ మధ్య 96 డెసిబెల్స్ దాకా తేడా చూపిస్తుంది. ఎల్పీ రికార్డు, అంటే సూదితో పాడే నల్ల ప్లేటు, 70 దగ్గరే ఆయాసపడుతుంది, పైగా చిటపటలు ఫ్రీ. కానీ ఘంటసాల పాటలు రెండింటిలోనూ వింటే నాకు రికార్డే నచ్చింది, ఎందుకంటే నా సీడీలో ఎవరో సౌండ్ తెగ పెంచేసి గొంతులోని ఎత్తుపల్లాలన్నీ చదును చేసేశారు. అది మాస్టరింగ్ (అచ్చు వేసే ముందు పాట సౌండ్‌ని చివరిసారి సరిచేసే పని) పాపం, సీడీది కాదు.

రికార్డులో చివరి పాట మాత్రం కాస్త గరగరే. లోపలికి పోయేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది, తిరిగే వేగం మాత్రం మారదు కదా, అందుకే అంతే పాట తక్కువ గాడిలో ఇరుక్కోవాలి. ఇంకో టెన్షన్, మన నెల్లూరు మే ఎండలో కిటికీ పక్కన పెట్టారా, అప్పడంలా వంకర పోతుంది. ట్రంకు రోడ్డు పక్కన ఇల్లయితే దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.

సూది, ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) ఖర్చులు కూడా ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆ డబ్బు మంచి స్పీకర్ల మీద పెట్టండి.