బయటి చేతులా, లోపలి ఈతగాళ్లా? వైద్య రోబోల్లో ఏది మేలు?

జబ్బు ఉన్న చోటికి బయటి నుంచి సన్నని ఇనుప చేతుల్ని పంపడం మేలా, లేక మందు మోసుకెళ్లే రేణువంత యంత్రాన్ని ఒంట్లోకే వదిలేయడం మేలా? వైద్య రోబోల పరిశోధన ఇప్పుడు ఈ రెండు దారుల్లోనూ సాగుతోంది.

మొదటి దారి పాతదే. 1985లోనే ప్యూమా 560 అనే ఫ్యాక్టరీ రోబోను మెదడు బయాప్సీలో (పరీక్ష కోసం చిన్న ముక్క తీయడంలో) సూదిని గురి తప్పకుండా నిలపడానికి వాడారు. 2000లో డావిన్సీ అనే శస్త్రచికిత్స రోబోకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2001 సెప్టెంబరులో సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి రోబో చేతులతో పిత్తాశయం తీసేశారు.

రోబో ఆపరేషన్ అనగానే యంత్రమే అంతా చేసేస్తుందని చాలామంది టెన్షన్ పడతారు. నిజానికి ఈ రోబోలను అంగుళం అంగుళం నడిపేది సర్జనే. యంత్రం ఆయన చేతి వణుకును వడపోస్తుంది, మణికట్టు తిరగలేని కోణాల్లో పరికరాన్ని తిప్పుతుంది, లోపలి దృశ్యాన్ని లోతుతో సహా పెద్దది చేసి చూపిస్తుంది. మరి రోగికి ఎంత లాభం? రోబో ఆపరేషన్‌ను ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా సర్జన్ చేత్తోనే చేసే ఆపరేషన్‌తో పోల్చుతూ 471 మంది పురీషనాళ క్యాన్సర్ రోగులపై జరిగిన రోలార్ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ఆపరేషన్ మధ్యలో ఆ పద్ధతి వదిలేసి పెద్ద కోత పెట్టాల్సి రావడం రోబోతో 8.1 శాతం మందిలో, మామూలు ల్యాప్రోస్కోపీతో 12.2 శాతం మందిలో జరిగింది. ఈ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకాలు తేల్చలేకపోయాయి. అంటే రోబో పనికిరాదని కాదు. కానీ నేర్పున్న చేతికి ఇంకొంచెం నేర్పు ఇవ్వడం వేరు, ఇప్పటిదాకా చెయ్యి చేరని చోటికి చేరడం వేరు. ఈ దారిలో నన్ను నిజంగా ఆకట్టుకునేది స్వయంచాలకత. 2022లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ బృందం ‘స్టార్’ అనే తమ రోబో చేత, సర్జన్ చెయ్యి నడపకుండానే, పంది పేగు రెండు కొసల్నీ కలిపి కుట్టించింది. మెత్తగా జారిపోయే, కదిలే పేగును కుట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు దీని విలువ అర్థమవుతుంది.

ఇక రెండో దారి. పడవను చిన్నది చేస్తే చిన్న పడవ వస్తుందని అనుకుంటాం. వెంట్రుక మందం కన్నా చిన్నగా చేస్తే వచ్చేది పడవే కాదు. ఆ కొలతలో నీళ్లు చిక్కటి తేనెలా అడ్డుపడతాయి. ఈత ఆపిన బ్యాక్టీరియా పరమాణువు వెడల్పు అంత దూరం కూడా జారకుండా ఆగిపోతుంది. ముందుకూ వెనక్కీ ఒకేలా తెడ్డు వేస్తే, వెళ్లినంత దూరమూ వెనక్కి రావాల్సిందే. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో దీన్ని, తెరుచుకోవడం మూసుకోవడం మాత్రమే తెలిసిన ఆల్చిప్ప ఉదాహరణతో వివరించారు. అందుకే ఈ యంత్రాలకు బ్యాక్టీరియా తోకలాంటి మరచుట్టు తోకలు పెట్టి, బయటి అయస్కాంతంతో తిప్పుతారు. లోపల బ్యాటరీకి చోటే లేదు కదా.

ఫలితాలు ఆశ పుట్టిస్తున్నాయి. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాస్త్రవేత్తలు, ఈదే నాచు కణాలకు యాంటీబయాటిక్ నింపిన నానోరేణువులు అంటించి, న్యుమోనియా సోకిన ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపారు. మందు అందిన ఎలుకలన్నీ బతికాయి, అందనివి మూడు రోజుల్లో చనిపోయాయి. అయితే వాటిని గొట్టం ద్వారా నేరుగా శ్వాసనాళంలోకే పంపారు. రక్తంలో వదిలి ఊపిరితిత్తి దాకా ఈదమంటే కథ వేరు. ప్రవాహం కొట్టుకుపోయేలా చేస్తుంది, అంత చిన్నవి లోతైన కణజాలంలో స్కానింగ్‌కు సరిగ్గా కనపడవు, దూరం పెరిగేకొద్దీ అయస్కాంతం పట్టు వేగంగా తగ్గిపోతుంది. పని అయ్యాక వాటిని ఏం చేయాలన్నది మరో ప్రశ్న. కరిగిపోవాలి, లేదా బయటికి రావాలి. ఈ ప్రశ్నకు జవాబు లేని సూక్ష్మయంత్రం ఎంత అందంగా ఈదినా మనిషి ఒంట్లోకి పంపడానికి నేను ఒప్పుకోను.

కాబట్టి నా ఓటు ఈ రెండింటికీ మధ్య ఉన్న మిల్లీమీటరు యంత్రాలకు. ఇవి కంటికి కనపడతాయి, స్కానింగ్‌కూ దొరుకుతాయి, అయినా సర్జన్ పరికరం దూరలేని చోట దూరతాయి. 2016లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డానియేలా రస్ బృందం పంది పేగు పొరతో మడత రోబో చేసింది. మంచు గుళికలో మింగితే కడుపులో విచ్చుకుని, పొరపాటున మింగేసిన బటన్ బ్యాటరీని అయస్కాంతంతో పట్టి కదిలించడం దాని పని. నమూనా కడుపులో అది పనిచేసి చూపించింది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థలో మెటిన్ సిట్టి బృందం 2018లో చూపిన నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ అయితే ఈదుతుంది, పాకుతుంది, దొర్లుతుంది, దూకుతుంది కూడా.

అన్నిటికన్నా స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్ల పని నాకు సరైన దారిగా అనిపిస్తుంది. వాళ్లు తమ జెలటిన్ మందు గుళికను గుండె నుంచి మెదడు దాకా ఈదమనరు. ఇప్పటికే ఆసుపత్రుల్లో వాడే క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో దగ్గర దాకా తీసుకెళ్లి, అక్కడ వదులుతారు. మిగిలిన కొద్ది దూరమే అయస్కాంతంతో నడిపిస్తారు. అందులోని ఇనుప ఆక్సైడు లాగడానికి, టాంటలం అనే లోహం ఎక్స్‌రేలో కనపడడానికి. చేరాక అయస్కాంత క్షేత్రంతోనే వేడిచేసి జెలటిన్‌ను కరిగిస్తే మందు విడుదలవుతుంది. పందుల్లో, గొర్రెల్లో పరీక్షించారు. పక్షవాతం తెచ్చే రక్తపు గడ్డను కరిగించే మందును ఒళ్లంతా పాకనీయకుండా అక్కడే వదలగలిగితే, మిగతా చోట్ల రక్తస్రావం భయం తగ్గి డాక్టరు కావలసినంత మోతాదు ఇవ్వగలుగుతారు.