మౌంటెన్ బైక్ (ఎంటీబీ) ఫ్రేముకు ఏ ఫిల్మ్ మేలు: కిట్టా, కారు పీపీఎఫ్ ముక్కా, హెలికాప్టర్ టేపా?

కొత్త సైకిల్ మీద మొదటి పెచ్చు లేచిన రోజు ఎవరూ మర్చిపోరు. నాది అనంతగిరిలో. వికారాబాద్ దాటాక అడవిలోకి తిరిగే మొరం బాటలో ముందు చక్రం ఎగరేసిన రాయి ఒకటి ఫ్రేములో హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టానికి, అంటే డౌన్‌ట్యూబ్‌కి, టక్కుమని తగిలింది. ఇంటికొచ్చి కడిగి చూస్తే నీలం పెయింట్ మీద మినపగింజంత మచ్చ, లోపలి అల్యూమినియం కనబడుతోంది. ఆ రాత్రే పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్‌ల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఈ నాలుగేళ్లలో నా సైకిళ్లకూ, తోటి రైడర్ల సైకిళ్లకూ కలిపి నాలుగు రకాల ఫిల్మ్ అంటించాను. ఒక ఫ్రేము పెయింట్‌ను నా చేతులతో నేనే పాడు చేశాను కూడా.

ఏది కొనాలో తేల్చుకునే ముందు ఫ్రేముకు దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. వాడిన సైకిల్‌ను ఎండలో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. డౌన్‌ట్యూబ్ కింది భాగానికి రాళ్ల దెబ్బలు. హ్యాండిల్ కింది పొట్టి గొట్టం, హెడ్‌ట్యూబ్ పక్కన బ్రేకు, గేరు కేబుళ్లు ఒరుసుకున్న గీతలు. పెడల్స్ నుంచి వెనక చక్రానికి వెళ్లే చైన్‌స్టే మీద చైన్ కొట్టిన గాట్లు. పెడల్‌ను తిప్పే క్రాంకు దగ్గర బూటు మడమ రాసుకుని మెరుపు పోయిన చోటు. కారు వెనక ర్యాక్ మీద తీసుకెళ్లేవాళ్లకు పై గొట్టం (టాప్‌ట్యూబ్) మీద పట్టీ ఆనిన మచ్చ అదనం. వీటిలో రాయి దెబ్బే అందరినీ భయపెడుతుంది కానీ, నన్నడిగితే కేబుల్ ఒరుపు అంతకంటే చెడ్డది. కేబుల్‌కూ ఫ్రేముకూ మధ్య చేరిన ఇసుక ఆకురాయిలా పనిచేస్తుంది. రైడ్‌లో హ్యాండిల్ తిరిగినప్పుడల్లా కొంచెం కొంచెం అరిగిస్తుంది. అల్యూమినియం అయితే పెయింట్ పోయి ఊరుకుంటుంది. కార్బన్ ఫైబర్ అయితే పైనున్న పారదర్శక పూత, క్లియర్ కోటు, తినేసి పోగుల దాకా దిగుతుంది.

ముందుగా చవక రకం సంగతి ముగించేద్దాం. స్టిక్కరింగ్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ‘ట్రాన్స్‌పరెంట్ ప్రొటెక్షన్ ఫిల్మ్’ పేరుతో దొరికే చుట్టల్లో చాలావరకు పీవీసీ. కొత్తలో అద్దంలా ఉంటుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఎండకు క్రమంగా బయటికి పోతుంది. అప్పుడు ఫిల్మ్ గట్టిపడి, కుంచించుకుని, పసుపెక్కుతుంది. మన ఏప్రిల్, మే ఎండలకు దీనికి ఎక్కువ రోజులు పట్టదు. నేను పాడు చేసిన ఫ్రేము కథ ఇదే. రెండో వేసవి అయ్యాక పీకబోతే ఫిల్మ్ చిన్న చిన్న ముక్కలుగా విరిగింది. జిగురంతా ఫ్రేముకే ఉండిపోయింది. గోరుతో గీకే ఆత్రంలో క్లియర్ కోటు కింద కాకుండా పైన అంటించిన లోగో సగం ఊడొచ్చింది. ప్యాకింగ్ టేపు గురించి అడిగేవాళ్లకు కూడా నా జవాబు ఇదే, ఇంకాస్త గట్టిగా.

మిగతా మూడూ, అంటే హెలికాప్టర్ టేపు, కారు పెయింట్‌ను కాపాడే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), ముందే కత్తిరించిన కిట్లు, ఎక్కువగా పాలీయురేథేన్ రకాలే. తేడా మందంలో, పై పూతలో, ఎవరు కత్తిరించారన్న దానిలో ఉంటుంది.

హెలికాప్టర్ టేపు వీటన్నిటికీ తాత. వియత్నాం యుద్ధకాలంలో ఇసుకా రాళ్లూ తగిలి హెలికాప్టర్ రెక్కల అంచులు అరిగిపోతుంటే వాటిని కాపాడడానికి 3ఎం కంపెనీ పాలీయురేథేన్ ఫిల్మ్ తయారుచేసింది. సైక్లిస్టులు ఎక్కువగా వాడే 8671 రకం జిగురుతో కలిపి సుమారు 0.36 మిల్లీమీటర్లు ఉంటుంది. కారు పీపీఎఫ్ మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లే. కాబట్టి రాయి దెబ్బకు ఈ టేపే బాగా తట్టుకుంటుంది. డౌన్‌ట్యూబ్ కింద నిలువు పట్టీలా వేయడానికి దీన్ని మించింది నేను చూడలేదు. కాకపోతే ఆ మందమే వంపుల దగ్గర మొండికేస్తుంది. హెడ్‌ట్యూబ్ గుండ్రం మీద అంచులు లేచి నిలబడతాయి. గీత పడితే పడినట్టే ఉంటుంది.

కారు పీపీఎఫ్ పలచగా ఉంటుంది, సాగుతుంది. మంచి రకాల పై పూతకు చిన్న గీతలు తనంతట తనే మాన్చుకునే గుణం ఉంటుంది. వేడి తగిలితే చాలు. మే నెలలో మధ్యాహ్నం సైకిల్‌ను అరగంట బయట పెట్టినా సన్నని గీతలు మాయమవుతాయి. మన ఎండ వల్ల జరిగే మేలు బహుశా ఇదొక్కటేనేమో! లోతుగా తెగిన గాటు మాత్రం మానదు. అందరూ పట్టించుకోని లాభం ఇంకొకటుంది. పీపీఎఫ్ చుట్ట మామూలుగా 1.52 మీటర్ల వెడల్పు వస్తుంది. బానెట్‌కూ తలుపులకూ కత్తిరించాక పక్కన పడే ముక్కలే సైకిల్‌కు ఎక్కువ. నేను హైదరాబాద్‌లో కార్లకు పాలిష్, ఫిల్మ్ వేసే ఒక డీటెయిలింగ్ షాపుకెళ్లి అడిగితే అక్కడి కుర్రాడు నవ్వాడు. “సైకిల్‌కు పీపీఎఫ్ ఏందన్నా?” అంటూనే మూడు పెద్ద ముక్కలు చుట్టి ఇచ్చాడు. చాయ్ డబ్బులే తీసుకున్నాడు. అడిగేటప్పుడు ‘టీపీయూ (సాగే పాలీయురేథేన్) ముక్కలే కావాలి’ అని చెప్పండి, కొన్ని చోట్ల చవక కార్లకు పీవీసీయే వేస్తారు. కొంచెం లాగి చూడండి. టీపీయూ రబ్బరులా సాగి మళ్లీ దగ్గరకొస్తుంది.

ఇక మోడల్‌కు తగ్గట్టు ముందే కత్తిరించి వచ్చే కిట్లు. బ్రిటన్ నుంచి ఇన్విజిఫ్రేమ్, కెనడా నుంచి రైడ్‌ర్యాప్ ఈ పనిలో పేరున్నవి. మీ సైకిల్ మోడల్, సంవత్సరం, సైజు చెబితే ప్రతి ట్యూబ్‌కూ సరిగ్గా సరిపోయే ముక్కలు వస్తాయి. కేబుల్ రంధ్రాలకు, బాటిల్ బోల్టులకు చోటు వదిలి ఉంటుంది. అంటించాక ఫిల్మ్ ఉందని దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. స్పెయిన్ వాళ్ల ఆల్ మౌంటెన్ స్టైల్ కిట్ల దారి వేరు. అవి తేనెపట్టు గడుల ఫిల్మ్‌తో కొన్ని చోట్లనే కప్పుతాయి. కనబడకూడదన్న పట్టింపు వాటికి లేదు, డిజైన్‌లు కూడా ఉంటాయి. మనకు తంటా ధర దగ్గరొస్తుంది. పూర్తి ఫ్రేము కిట్ షిప్పింగు, కస్టమ్స్ కలుపుకుంటే పది వేల పైమాటే. పాతిక వేల సైకిల్‌కు పది వేల తొడుగు వేయడం నాకు మనసొప్పదు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే సైకిళ్లకు ఆ కంపెనీల దగ్గర కొలతలు ఉండకపోవచ్చు కూడా. ఆర్డరు పెట్టే ముందు మోడల్ జాబితా చూడాల్సిందే.

కాబట్టి నా తీర్పు ఇదీ. రెండు మూడు లక్షల కార్బన్ సైకిలై, రెండు మూడేళ్లకు అమ్మే ఆలోచన ఉంటే కిట్ కొనండి, అమ్మేటప్పుడు పెయింట్ కొత్తగా ఉండడం వల్ల ఆ ఖర్చులో కొంత తిరిగొస్తుంది. మిగతా అందరికీ పీపీఎఫ్ ముక్కలు, డౌన్‌ట్యూబ్ కింద ఒక పట్టీ హెలికాప్టర్ టేపు చాలు. ఫ్రేమంతా కప్పాలన్న మోజు వదిలేయండి. మొత్తం కప్పినా అర చదరపు మీటరు ఫిల్మే, బరువు వంద గ్రాములకు అటూ ఇటూ. బరువుతో పేచీ లేదు, ఓపికతోనే. మ్యాట్ ఫ్రేము ఉన్నవాళ్లు మ్యాట్ పీపీఎఫ్ ముక్కే అడగండి, గ్లాసీ వేస్తే తడిసిన పలకలా మెరుస్తుంది.

అంటించడంలో సగం పని కడగడమే. ఫ్రేమును సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చైన్ ఆయిల్, పాలిష్, వేలిముద్రల జిడ్డు ఏది మిగిలినా అక్కడ అంచు లేస్తుంది. అప్పుడే పెచ్చులూ పగుళ్లూ ఉన్నాయేమో టార్చి వేసి చూసుకోండి. పని ఫ్యాను కింద పెట్టుకోవద్దు. నేను మొదటిసారి బాల్కనీలో చేశాను. దుమ్ము రేణువులు ఫిల్మ్ కింద ఇప్పటికీ నువ్వుల్లా కనబడుతున్నాయి. స్నానాల గదిలో వేడినీళ్లు కాసేపు వదిలి గాల్లో దుమ్ము అణిగాక చేయడమే నయం.

ముక్కలు ముందు పాత న్యూస్‌పేపర్ మీద గీసి కత్తిరించుకోండి. మూలలు గుండ్రంగా ఉండాలి, కోణంగా ఉన్న మూలే మొదట లేస్తుంది. ఫ్రేము మీద పెట్టి బ్లేడుతో కోయడం అసలు వద్దు. కార్బన్ మీద ఆ గాటు, మనం కాపాడుకోవాలనుకున్న దెబ్బకంటే పెద్దది.

స్ప్రే బాటిల్‌లో నీళ్లు పోసి నాలుగైదు చుక్కల బేబీ షాంపూ కలపండి. ఫ్రేము మీదా, ఫిల్మ్ జిగురు వైపూ, మీ వేళ్ల మీదా ధారాళంగా కొట్టండి. తడి ఉన్నంతసేపూ ఫిల్మ్ జారుతుంది, కుదురుగా సర్దుకోవచ్చు. సర్దాక స్క్వీజీతో (నీళ్లు తోసే పలుచని పట్టీ) మధ్య నుంచి అంచులకు నీళ్లు తోసేయాలి. అంచుల దగ్గర పట్టు త్వరగా రావాలంటే నీళ్లలో ఆల్కహాల్ కలిపిన ఇంకో బాటిల్ పెట్టుకోండి. వంపు దగ్గర హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేసి సాగదీస్తే కూర్చుంటుంది. అతిగా లాగితే రేపటికి వెనక్కి కుంచించుకుపోతుంది. హీట్ గన్ జోలికి పోవద్దు, ముఖ్యంగా కార్బన్ మీద.

అయిపోయాక చిన్న నీటి బుడగలు, పాలలా మసక కనబడితే కంగారుపడకండి, రెండు మూడు రోజుల్లో ఆరిపోతాయి. గాలి బుడగ మాత్రం ఉండిపోతుంది. సన్నని సూదితో అంచున పొడిచి నొక్కేయాలి. ఒక రోజంతా సైకిల్ కదపకుండా ఉంచండి. ఆ తర్వాత కడిగినప్పుడు ప్రెషర్ వాషర్‌ను ఫిల్మ్ అంచులకు గురిపెట్టవద్దు. క్రాంకు ఇరుసు ఉండే చోటు, బాటమ్ బ్రాకెట్ కింద ఉండే సీరియల్ నంబరు, నీళ్లు కారే రంధ్రాలు, సస్పెన్షన్ కీళ్లు ఫిల్మ్ కిందకి పోకుండా చూసుకోండి.

చైన్‌స్టేకు ఈ ఫిల్మ్‌లలో ఏదీ పనికిరాదు. చైన్ కొడితే పీపీఎఫ్ నెల తిరిగేసరికి చిరుగుతుంది, హెలికాప్టర్ టేపు ఇంకొన్నాళ్లు లాగుతుంది. పంక్చరైన పాత ట్యూబును నిలువునా కోసి, చైన్‌స్టే చుట్టూ బిగించి చుట్టి, రెండు చివర్లా జిప్ టై వేయండి. చప్పుడూ తగ్గుతుంది. ట్యూబు కింద నీళ్లు, ఇసుక నిలుస్తాయి కనుక వానాకాలం పోయాక ఒకసారి విప్పి తుడిచి మళ్లీ చుట్టుకోవాలి.