డీడబ్ల్యూసిమ్, ఐఐటీ బాంబే వాళ్ళ ఫ్లోషీట్లు: వాడి చెప్తన్నా

మాది కావలి. కెమికల్ బీటెక్ ఫైనలియర్, ప్రాజెక్టేమో మందుల ఫ్యాక్టరీల్లో ఒకసారి వాడిన సాల్వెంట్‌ని (మందు సరుకుని కరిగించే ద్రవం) మళ్ళీ శుభ్రం చేసి వాడుకోవడం మీద. ప్లాంట్ ఎట్టా నడుస్తదో కంప్యూటర్లోనే లెక్కేసి చూపే సిమ్యులేటర్ కావాలి, కొనేవాటి రేటు అడగాలన్నా భయమే, అట్టా వెతుకుతా ఉంటే డీడబ్ల్యూసిమ్ దొరికింది, ఫ్రీ, ఓపెన్ సోర్సు, విండోస్‌లో లినక్స్‌లో రెండిట్లో నడుస్తది. నా పాత లాప్‌టాప్‌లో కూడా ఎక్కింది, ఫ్యాను మాత్రం బోరు మోటర్లాగా మోగతా ఉంటది.

సాఫ్ట్‌వేర్ సరే, నన్ను గట్టెక్కించింది మాత్రం ఐఐటీ బాంబేలో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్‌ని చదువుల్లోకి తెచ్చే ఫాసీ ప్రాజెక్టు వాళ్ళ సైట్లో ఉండే ఫ్లోషీట్లు, అంటే ప్లాంట్‌లో ఏది ఎటు పోద్దో గీసి లెక్కేసిన డీడబ్ల్యూసిమ్ ఫైళ్ళు. దేశంలో స్టూడెంట్లు చేసి పంపినవి, వాళ్ళు చూసి ఓకే చేశాకే పెడతారు, ఎవరైనా దించుకోవచ్చు.

నేను ముందు సొంత తెలివితో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), నీళ్ళు కలిపి, మరిగించి వేరుచేసే డిస్టిలేషన్ కాలమ్ పెట్టా, ద్రవాలన్నీ ఒకేలా మెలుగుతాయనుకునే రౌల్ట్ లా సెలెక్ట్ చేసి కాలమ్ లోపలి అంతస్తులు, అదే ట్రేలు, పెంచుకుంటా పోతే ప్యూరిటీ 99 శాతం వచ్చింది. నాయుడుపేట వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంట్‌లో చేసే మా బావకి గొప్పగా చూపిస్తే "ఏరా బామ్మర్దీ, ఒక్క కాలమ్‌తో 99 వస్తే మేమెందుకురా ఇన్ని తిప్పలు పడేది" అన్నాడు. నిజమే, ఆ రెండూ 80 డిగ్రీల దగ్గర కలిసే మరుగుతాయి, మామూలు డిస్టిలేషన్‌లో ఐపీఏ బరువులో 87-88 శాతం దగ్గరే ఆగిపోద్ది. అది పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే కూడా. ఇంకెవరో చేసిన ఆల్కహాల్ ఫ్లోషీట్ దించి తెరిస్తే అందులో రౌల్ట్ లా బదులు, ద్రవాలు కలిస్తే నిజంగా ఎట్టా మెలుగుతాయో లెక్కలోకి తీసుకునే ఎన్‌ఆర్‌టీఎల్ మోడల్ ఉండాది, నా ఫైల్లో అదొక్కటి మార్చానో లేదో 99 కాస్తా 88కి దిగింది. ఉత్త రిపోర్టు పీడీఎఫ్‌లో ఇదెట్టా దొరుకుద్ది చెప్పండి? ఫైలు చేతికొస్తే వాళ్ళు ఏం నొక్కారో కూడా కనపడుద్ది, మనమూ కెలికి చూసుకోవచ్చు.

లోటు కూడా ఉంది. ఇది ఆగకుండా నడిచే ప్లాంట్లకి చక్కగా సరిపోద్ది, మందులేమో ఎక్కువ బ్యాచ్ పని (విడత విడతగా చేసేది), టాబ్లెట్ కంప్రెషన్ లాంటివైతే దీని జోలికే రావు. సాల్వెంట్ రికవరీకైతే ఢోకా లేదు. నా లెక్కన ఐదుకి నాలుగు.

ఫ్లోషీట్ ఓకే అయితే సర్టిఫికెట్, గౌరవ వేతనం కూడా ఇస్తారు, అందుకే సైక్లోహెక్సేన్ వేసి ఐపీఏలో మిగిలిన నీళ్ళు లాగేసేది ఒకటి నేనూ రాస్తన్నా. ట్రేలు ఎన్నుంటాయని బావని అడిగితే కంపెనీ సీక్రెట్ అంట, బిర్యానీ పెట్టిచ్చినా చెప్పలా.