రెసిడెంట్ ఈవిల్ 7: జాక్ ఉన్నంతసేపే అసలు భయం

ఎప్పుడో సేల్‌లో కొని పక్కన పడేసిన రెసిడెంట్ ఈవిల్ 7 అనే హారర్ గేమ్‌ని మొత్తానికి పూర్తి చేశాను. 2017 జనవరిలో కాప్‌కామ్ వదిలిన గేమ్‌కి ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారేమో, మా శ్రీకాకుళంలో నాకు తెలిసిన సగం మంది పీసీలు దీన్ని లాగే స్థాయికి వచ్చిందే ఈమధ్య. మొదటి సగం అదిరిపోయింది, రెండో సగం పర్లేదు. కారణం చెప్పాలంటే కథ విప్పాల్సిందే, కాబట్టి ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

మూడేళ్ల కిందట కనిపించకుండా పోయిన భార్య మియా దగ్గర్నుంచి కబురొస్తే, ఈథన్ అనే అతను లూసియానాలో చిత్తడి నేలల మధ్య ఉన్న బేకర్ వాళ్లింటికి వెళ్తాడు. ఇంటి పెద్ద జాక్, భార్య మార్గరీట్, కొడుకు లూకస్. స్పృహ వచ్చేసరికి మనల్ని భోజనాల బల్ల దగ్గర కట్టేసి ఉంటారు, ప్లేట్లో ఉన్నది దేని మాంసమో తెలీదు, తినమని ఒకటే బలవంతం. అక్కడి నుంచి తప్పించుకున్నాక జాక్ మనకోసం ఇల్లంతా తిరుగుతుంటాడు. అతనికి తొందరేం లేదు, సొంతిల్లు కదా. పక్క గదిలో బూట్ల చప్పుడు, వెటకారంగా ఏదో అంటూ తలుపు తోసుకుని రావడం, మనం సోఫా వెనకాల నక్కి ఊపిరి బిగబట్టడం. అతనికి దొరికిపోతే ఒకోసారి వచ్చే సీన్ ఒకటుంది, గేమ్ పూర్తి చేసినవాళ్లలో కూడా అందరికీ తగలదు. పారతో కాలు నరికేస్తాడు. నరికి, గాయాలకి పోసుకునే మందు సీసా నేల మీద పడేసి, తెచ్చుకో చూద్దాం అన్నట్టు నిలబడతాడు. పాక్కుంటూ వెళ్లి ఆ మందు పోసుకుంటే కాలు అతుక్కుంటుంది (లాజిక్ అడగొద్దు). నాకు వణుకు పుట్టించింది రక్తం కాదు, ఆ నిలబడి చూడటం.

మా చిన్నాన్నకి పలాస అవతల కాస్త జీడితోట ఉంది. ఉద్దానం వాళ్లకి ఎలుగుబంట్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడి చేసి ఒక రైతు చనిపోయాడు, ఇంకొంతమంది గాయపడ్డారు. పొద్దుగూకాక తోటలోకి ఒంటరిగా అడుగుపెట్టడు మా చిన్నాన్న. అలాగని దెయ్యాల్ని నమ్మడా అంటే చిల్లంగి, గాలి సోకడం అన్నీ నమ్ముతాడు, కానీ వాటిని లెక్కచెయ్యడు. అదేంటని అడిగితే, "దెయ్యానికైతే నిమ్మకాయుంది, తాయెత్తుంది. ఎలుగుకి ఏటుందిరా?" అంటాడు.

ఈ గేమ్‌లో నేలమాళిగలోకి దిగాక నాకు ఆ మాటే గుర్తొచ్చింది. అక్కడ మోల్డెడ్ అనే నల్లటి బూజు రాక్షసులు గోడల్లోంచి ఊడిపడతాయి. మొదటిదాన్ని చూసి కుర్చీలోంచి లేచిపోయిన మాట నిజమే. కానీ తలకి గురిపెట్టి కాలిస్తే పడిపోతాయని తెలిశాక ఇంకేం మిగలదు, ఎన్ని తూటాలున్నాయి, ఎన్ని ఖర్చవుతాయి, అంతే లెక్క. దీని నిమ్మకాయ మనకి దొరికిపోయింది. వాటికి మన మీద కోపం లేదు, సరదా లేదు, మనం ఎవరో కూడా తెలీదు, వచ్చి మీద పడటం తప్ప.

జాక్ మాత్రం మామూలు మనిషా, ఎన్నిసార్లు చంపినా లేచొస్తాడు కదా అని మీరు అడగొచ్చు. కరెక్టే, ఒంటి సంగతి చూస్తే అతనూ రాక్షసుడే. కానీ నడవడిక మాత్రం మనిషిది, అది కూడా ఎవరో ఒకరి ఇంట్లో మనం చూసినలాంటి మనిషిది. తాగొచ్చి గొంతు పెంచకుండానే ఇల్లంతటినీ హడలగొట్టే ఇంటి పెద్ద ఎలా ఉంటాడో అలా ఉంటాడు. చివరికి అతను కళ్లు మొలిచిన పెద్ద మాంసపు ముద్దగా మారిపోతాడు, సరిగ్గా అప్పుడే నాకు భయం పోయింది. ఆ కళ్లని ఒక్కోటీ కాల్చుకుంటూ పోవడమే పని.

లూకస్ భాగం ఇంకా బాగుంది, ఎందుకంటే అక్కడ బలంతో పనే లేదు, వాడి బుర్రతోనే పని. ఒక వీడియో టేపు దొరుకుతుంది, అందులో గదిలో బంధించిన ఒకడితో లూకస్ పుట్టినరోజు ఆట ఆడిస్తాడు. కేకు మీద వెలిగించిన కొవ్వొత్తి పెట్టాలి, తీరా తీసుకెళ్తుంటే పైనుంచి నీళ్లు పడి ఆరిపోతుంది. తంటాలు పడి చివరికి పెడితే కేకు పేలి, మంటలు అంటుకుని చచ్చిపోతాడు. తర్వాత అదే గదిలోకి మనల్ని తోస్తాడు, టేపులో చచ్చినవాడు నేర్చుకున్నది వాడుకుని మనం బయటపడాలి. ఈ గేమ్ మొత్తంలో నాకు నచ్చిన ఐడియా ఇదే.

"ఓహో, మనుషులైతే భయం, రాక్షసులైతే బోర్" అని మాత్రం తేల్చెయ్యకండి. 2013లో వచ్చిన అవుట్‌లాస్ట్‌లో దాదాపు అందరూ మనుషులే, పిచ్చాసుపత్రిలో రోగులు, మన చేతిలో ఒక వీడియో కెమెరా తప్ప ఏమీ ఉండదు. అయినా ఒకే చోట వరసగా చచ్చాక భయం పోయి విసుగొస్తుంది, ఏ మూల నుంచి వస్తాడో కంఠతా వచ్చేస్తుంది. 2014 నాటి ఏలియన్: ఐసొలేషన్‌లో వేటాడేది పక్కా వేరే లోకపు జీవి, కానీ అది చప్పుడు విని వస్తుంది, గదులు వెతుకుతుంది, దగ్గర్లో ఉంటే అది ఎక్కడ కదులుతోందో చూపించే మన చేతిలోని ట్రాకర్ కూతకి కూడా వచ్చేస్తుంది. అచ్చం తోటలో ఎలుగు. ఫ్లేమ్‌త్రోవర్ చూపిస్తే వెనక్కి తగ్గుతుంది, తగ్గి మళ్లీ వస్తుంది. అంత టెన్షన్ నాకు ఇంకే గేమ్‌లోనూ రాలేదు, రెసిడెంట్ ఈవిల్ 7 మొదటి సగం దాని పక్కన కూర్చోగలదు.

రెండో సగంలో వచ్చే ఓడ భాగం గురించి పెద్దగా చెప్పేది లేదు. మియాగా ఆడాలి, నడవాలు, మళ్లీ బూజు రాక్షసులు, గంట తగ్గించినా నష్టం లేదు.

సౌండ్ మాత్రం ఎక్కడా తగ్గలేదు. హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడితే సగం డబ్బులు దండగ. మొదటిసారి నార్మల్‌లోనే ఆడండి. అన్నిటికంటే కష్టమైన మ్యాడ్‌హౌస్ మోడ్‌లో జాక్ మరీ మొండిగా వెంటపడతాడు, పైగా సేవ్ చెయ్యాలంటే క్యాసెట్ టేపులు దొరకాలి, ఒక్కో సేవ్‌కి ఒక టేపు అయిపోతుంది. వేసవి సాయంత్రం మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు, కాబట్టి యూపీఎస్ లేనివాళ్లు దాని జోలికి వెళ్లకండి.