పది రోజుల విపశ్యన కోర్సు: తొమ్మిది రోజులు తిట్టుకున్నాక వచ్చిన మైత్రి

పది రోజులు మౌనంగా కూర్చుని ధ్యానం నేర్చుకునే ఈ విపశ్యన కోర్సుకి ఫీజు లేదంటే మా బ్రాంచిలో ఎవరూ నమ్మలేదు. "చివరి రోజు ఏదో ఒకటి అంటగడతారు చూడండి మేడమ్, పుస్తకాల సెట్టో, సభ్యత్వమో" అన్నాడు మా క్యాషియర్ కుర్రాడు. ఏమీ అంటగట్టలేదు. పది రోజులు తిండి, గది, పాఠం అన్నీ ఇచ్చి, కోర్సు పూర్తిచేసినవాళ్ళ దగ్గర మాత్రమే, అదీ వాళ్ళకి ఇష్టమైతేనే విరాళం తీసుకుంటారు. అంటే మనకంటే ముందు కూర్చుని వెళ్ళినవాళ్ళెవరో ఇచ్చిన డబ్బుతో మనం ఉప్మా తింటున్నామన్నమాట. ఇరవై రెండేళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నదాన్ని, ఈ లెక్క ఎలా నడుస్తోందా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

నేనెందుకు వెళ్ళానో చెప్పకపోతే ఈ రివ్యూ మీకు పనికిరాదు. నాకు కోపం ఎక్కువ. కౌంటర్లో కాదు, అక్కడ నవ్వుతూనే ఉంటాను, ఇంటికొచ్చాక ఇంటర్ చదివే మా అమ్మాయి మీద, మా అత్తయ్య మీద తీర్చుకుంటాను. తీర్చుకున్నాక పడుకుని రాత్రి ఒంటిగంట దాకా నన్ను నేను తిట్టుకుంటాను, "ఛీ, నువ్వూ ఒక తల్లివేనా" అని. పొద్దున లేచేసరికి దవడలు పట్టేసినట్టుండేవి, ఏసీ పడటం లేదేమో అనుకునేదాన్ని. అంతకుముందు ఒక ఫోన్ యాప్ కూడా వాడి చూశాను, ఏడాదికి సరిపడా డబ్బులు కట్టించుకుని అందులో ఒకావిడ చల్లని గొంతుతో "మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి" అంటుంది, వెనకాల పిట్టలు కూస్తాయి, మూడో రోజుకి ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

ఈ విపశ్యన పద్ధతి గోయెంకా గారిది. ఆయన 1924లో బర్మాలోని మాండలేలో పుట్టిన వ్యాపారి, భయంకరమైన మైగ్రేన్‌తో బాధపడుతూ 1955లో రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్తే, తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దని ఆయన మొదట ఒప్పుకోలేదట. ఊ బా ఖిన్ సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన మనిషి, ఆఫీసులో ఫైళ్ళు చూసుకుంటూనే ధ్యానం నేర్పేవాడు. లెక్కల మనిషి అనగానే నాకు సగం నమ్మకం కుదిరింది. గోయెంకా 1969లో ఇండియాకి వచ్చి కోర్సులు మొదలుపెట్టారు, 2013లో పోయారు, కానీ ఇప్పటికీ ఎక్కడ కోర్సు జరిగినా రికార్డు చేసిన ఆయన గొంతే నడిపిస్తుంది. అందుకే నేను వెళ్ళిన కేంద్రం పేరు రాయడం లేదు. పాఠం అన్నిచోట్లా ఒకటే, తేడాలన్నీ వేడినీళ్ళలోనూ దోమల దగ్గరానే, ఆ విషయంలో నేను చెప్పబోయేవి ఒక చోటి మాటలు. హైదరాబాద్ వాళ్ళకి నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త ఉంది, దేశంలోని పాత కేంద్రాల్లో అదొకటి, నేను వెళ్ళింది మాత్రం అక్కడికి కాదు.

సెలవు పది రోజులు పెడితే చాలదు, పన్నెండు పెట్టండి. ముందురోజు సాయంత్రానికే చేరాలి, పదకొండో రోజు పొద్దున వదులుతారు. ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ లోపలికి వెళ్ళేముందే ఇచ్చేయాలి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అన్నీ వేరు. మాట్లాడకూడదు, సైగలు చేయకూడదు, పక్కవాళ్ళ కళ్ళలోకి చూడటం కూడా వద్దంటారు. పొద్దున 4 గంటలకి గంట కొడతారు, 4:30 నుంచి కూర్చోవడం, మొత్తం మీద రోజుకి పది గంటలకి పైనే కూర్చోబెడతారు. 11 గంటలకి భోజనం, సాయంత్రం 5 గంటలకి మరమరాలు, ఒక పండు, టీ, ఇక అంతే. ఇంతకుముందు కోర్సు చేసినవాళ్ళకి అదీ లేదు, నిమ్మకాయ నీళ్ళే. ఆకలేస్తుందని భయపడ్డాను గానీ రెండో రోజు నుంచి ఆకలి గుర్తే రాలేదు, గుర్తొచ్చినవి వేరే ఉన్నాయి.

మూడు రోజులు పూర్తిగా, నాలుగో రోజు సగం దాకా ఊపిరి మీదే. ముక్కు కింద, పై పెదవి మీద ఉన్న ఆ కాస్త చోటుని గమనిస్తూ ఉండమంటారు. ఊపిరి చూద్దామని కూర్చుంటే నాకు కనబడింది నా నోరు. లోపలి నోరు. మనసు పక్కకి పోయినప్పుడల్లా గోయెంకా గారి గొంతు "మళ్ళీ మొదలుపెట్టండి" అని ఎంత నింపాదిగా చెబుతుందో, నా లోపలి గొంతు అంత కర్కశంగా "దద్దమ్మా, రెండు నిమిషాలు కూడా కుదురుగా ఉండలేవు" అనేది. ఒక సిటింగ్‌లో సరదాగా లెక్కపెట్టా (లెక్కపెట్టకూడదు, తెలుసు), గంటలో పధ్నాలుగుసార్లు నన్ను నేను తిట్టుకున్నా, అందులో రెండు మా నాన్న వాడే మాటలే. ఈ పదహారేళ్ళలో మా అమ్మాయిని నేను తిట్టినవి ఏ స్టాకులోంచి వచ్చాయో ఆ హాల్లో కూర్చున్నాక తెలిసింది. కోర్సు మొత్తంలో నాకు పనికొచ్చినది ఏమిటంటే ఇదే చెబుతాను, దీనికి ఎవరి ఉపన్యాసం అక్కర్లేకపోయింది, ఉత్తినే నోరు మూసుకుని మూడు రోజులు కూర్చోవడం సరిపోయింది.

నాలుగో రోజు నుంచి అసలు విపశ్యన, తల నుంచి కాళ్ళ దాకా ఒంట్లో తెలిసే ప్రతిదాన్నీ, నొప్పైనా దురదైనా, చూసి ఊరుకోవడం. రోజుకి మూడుసార్లు గంటసేపు కళ్ళు తెరవకుండా, చేతులూ కాళ్ళూ కదపకుండా కూర్చోవాలి, దాన్ని అధిష్ఠానం అంటారు. మోకాళ్ళ గురించి రాయడం మొదలుపెడితే ఇంకో రివ్యూ అవుతుంది. కుర్చీ అడిగితే ఇచ్చారు, మొహమాటపడకుండా అడగండి.

ఇప్పుడు నా రూమ్మేట్ సంగతి. ఏలూరు నుంచి వచ్చిందని తర్వాత తెలిసింది, యాభై దాటిన మనిషి. ఆవిడ సామానంతా ప్లాస్టిక్ కవర్లలోనే ఉండేది. మందులు ఒక కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో, సబ్బు ఒక దాంట్లో, తడి గుడ్డలు ఇంకో దాంట్లో. రాత్రి లైట్లు తీశాక సరిగ్గా పావుగంటకి మొదలయ్యేది ఆ చప్పుడు, కరకర, కరకర, ఆగి, అమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ కరకర. తెల్లవారుజామున గంట కొట్టడానికి పది నిమిషాల ముందు మళ్ళీ. మాట్లాడకూడదు కాబట్టి చెప్పడానికి లేదు. ఆరో రోజుకి నేను హాల్లో ఊపిరి బదులు ఆ కవర్లనే ధ్యానిస్తున్నా. ఆవిడకి ఏమేం చెప్పాలో మొత్తం స్పీచి తయారైపోయింది, మర్యాదగా మొదలై చివర్లో బాగా ఘాటుగా ముగిసే స్పీచి.

పదో రోజు పొద్దున సిటింగ్ అయ్యాక మైత్రి నేర్పిస్తారు. పాళీలో మెత్తా. మన తెలుగు మెత్తకీ దానికీ చుట్టరికం లేదు, అది మిత్రుడికి సంబంధించిన మాట, అయినా తొమ్మిది రోజులు గట్టి నేల మీద కూర్చున్నదానికి ఆ మాట వినగానే ముందు మెత్త దిండే గుర్తొచ్చింది. చేసేది పెద్దగా ఏమీ లేదు. ఒళ్ళంతా వదులు చేసుకుని, తెలిసో తెలియకో నన్ను బాధపెట్టినవాళ్ళని క్షమిస్తున్నా, నేను బాధపెట్టినవాళ్ళని క్షమించమని అడుగుతున్నా అనుకుని, అందరూ సుఖంగా ఉండాలని ఆ భావంతో ఒళ్ళంతా నింపుకోవడం. ఒళ్ళు నొప్పులతోనో, మనసు చిరాకుతోనో ఉన్నప్పుడు మాత్రం చేయొద్దంటారు. నాకు ఇది బాగా నచ్చింది, లోపల లేనిదాన్ని పైకి పులుముకోమనకుండా. ఆ పూట హాల్లో చాలామంది ఏడ్చారు. నేను ఏడవలేదు, క్షమించాల్సినవాళ్ళ లిస్టులో కవర్లావిడ దగ్గరే ఆగిపోయా.

10 గంటలకి మౌనం తీసేశారు. బయట చెట్టు కిందకి రాగానే ఆవిడే నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. నా స్పీచి రెడీగా ఉంది. ఆవిడ అంది కదా: "ఏమీ అనుకోకండమ్మా, మీరు రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారు. అబ్బో, ఆ చప్పుడు. తొమ్మిది రోజుల్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. దూది ఏ కవర్లో పెట్టానో చీకట్లో వెతుక్కుని చెవుల్లో పెట్టుకుని పడుకునేదాన్ని, పొద్దున ఎక్కడైనా పడిపోతుందని మళ్ళీ అందులోనే పెట్టేసేదాన్ని."

దవడలకీ ఏసీకీ సంబంధం లేదని అలా తెలిసింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం, తొమ్మిది రోజుల తర్వాత నవ్వితే పొట్ట కూడా నొప్పెడుతుంది. ఊరికి రాగానే డెంటిస్టు దగ్గరికి వెళ్ళి రాత్రి పళ్ళకి పెట్టుకునే గార్డు చేయించుకున్నా.

ఇక లోపాలు. నేను వెళ్ళిన చోట ఆడవాళ్ళ వైపు వేడినీళ్ళు పొద్దున మొదటి పది బకెట్లకే అయిపోయేవి, సాయంత్రం టీ చల్లారిపోయి వచ్చేది. కానీ వడ్డించేవాళ్ళూ, గిన్నెలు కడిగేవాళ్ళూ అందరూ జీతం లేకుండా సేవకి వచ్చిన పాత సాధకులే, కాబట్టి వీటి మీద ఎక్కువ మాట్లాడను. నా అసలు కంప్లయింట్ పాఠం మీదే. తొమ్మిది రోజులు శస్త్రచికిత్సలా మనసుని కోసి, మైత్రికి ఒక్క పూట ఇస్తారు. అది గాయం మీద లేపనం లాంటిదని వాళ్ళే అంటారు, మరి లేపనం అంత తక్కువా? ఇంటికెళ్ళాక పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చుని చివర్లో కొన్ని నిమిషాలు మైత్రి చేయమంటారు. అందులోనూ తన మీద తనకి దయ అనేదానికి విడిగా చోటు చాలా తక్కువ. నాలాంటివాళ్ళకి, అంటే ఊళ్ళో అందరికీ శుభం కోరగలిగి, అద్దంలో మొహానికి మాత్రం ఒక్క మంచిమాట చెప్పలేనివాళ్ళకి, అది చాలదు.

ఆ మాటే అక్కడి ఆచార్యురాలిని అడిగితే అభ్యాసం కొనసాగించమన్నారు. ఇంటికొచ్చాక నేనే వెతుక్కుంటే దొరికింది. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు రాసిన విశుద్ధిమార్గం అనే పుస్తకంలో మైత్రికి ఒక వరస ఉంది: ముందు నీకు నువ్వు, తర్వాత నువ్వు గౌరవించే మనిషి, ప్రియమైనవాళ్ళు, ఆ తర్వాత నీకు ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి, ఆఖరికి నీకు పడనివాళ్ళు. మొదట్లోనే శత్రువు జోలికి వెళ్ళొద్దని కూడా చెబుతాడు. నేనేమో కవర్లావిడతోనే మొదలుపెట్టి చేతులెత్తేశా కదా, ఇప్పుడు ఆ వరసే పట్టుకున్నా.

మొదటి మెట్టులో మాటలు కుదరలేదు. "నేను సుఖంగా ఉందునుగాక" అనుకుంటే పంతులుగారు సంకల్పం చెబుతున్నట్టుంది. యాప్‌లో ఆవిడలాగా నన్ను నేను ప్రేమించుకోవడం నావల్ల కాదు. ఒకరోజు పాలు పొంగిపోయి గట్టంతా అయినప్పుడు తిట్టు నోటిదాకా వచ్చి, అలవాటుగా ఊపిరి మీదకి పోయి, దాని వెనకాల మా అమ్మమ్మ మాట వచ్చింది: "పోనీలేవే." అంతే. ఇప్పుడు నా మంత్రం అదే, పొద్దున పది నిమిషాలు, పోనీలేవే. ఇష్టమూ అయిష్టమూ లేని మనిషిగా ప్రతి నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్‌కి వచ్చే ఒక పెన్షనర్ తాతగారిని పెట్టుకున్నా, ఈసారి ఆయన వేలిముద్ర మెషిన్‌లో పడకపోతే నాలుగోసారి కూడా విసుక్కోకుండా తుడిచి పెట్టించా, అది నాకే వింతగా అనిపించింది.

పడనివాళ్ళ మెట్టు ఇంకా ఎక్కలేదు. ఎంత ప్రయత్నించినా కోపం పోకపోతే ఆ మనిషికి ఏదైనా ఇవ్వమని కూడా అదే పుస్తకంలో ఉంది. మాకు బంధువే ఒకావిడ ఉంది, ఆరేళ్ళుగా మాటల్లేవు. ఈ వేసవిలో ఒక సీసాడు ఆవకాయ పంపా. ఉప్పెక్కువైందని కబురు పెట్టింది, సీసా తిరిగి రాలేదు.

మా అమ్మాయిని అరవడం మానేశానా అంటే లేదు. అరిచిన పావుగంటకి వెళ్ళి పక్కన కూర్చుంటున్నా, ఇదివరకు అది కూడా లేదు. రోజుకి రెండు గంటలు కూర్చోమన్నారు, నేను అరగంట దాటడం లేదు, దానికీ పోనీలేవే అనుకుంటున్నా.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: అప్లికేషన్ ధమ్మ డాట్ ఆర్గ్‌లో ఆన్‌లైన్‌లోనే, వేసవి సెలవుల్లో వెళ్దామనుకుంటే చాలా ముందే పెట్టుకోండి. మానసిక సమస్యలకి మందులు వాడుతుంటే ఫారంలో దాచకుండా రాయండి, మీ డాక్టర్ని కూడా అడగండి, ఇది తేలికైన కోర్సు కాదు. వదులు బట్టలు, ఒక శాలువా, చప్పుడు చేయని చెప్పులు తీసుకెళ్ళండి. సామాను గుడ్డ సంచుల్లో సర్దుకోండి. అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ మైత్రికి ఇంకో రెండు రోజులు కలిపితే ఇస్తా.

ఏలూరావిడ మొన్న ఫోన్ చేసింది. వచ్చే ఏడాది మళ్ళీ వెళ్దామా అంటే సరే అన్నా. "రూములు మాత్రం వేరువేరుగా అడుగుదామండీ" అంది.